అంతరిక్ష విద్య మన పిల్లలకు తగనిదా?

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములయందును వాని చుట్టునున్న పల్లెలయందును చదువుకొను పిల్లలను బిలిచి, "పెద్దవారైన పిమ్మట మీరేమి చేయదలచితిరి?" అని యడిగినచో వచ్చు ప్రత్యుత్తరములు మిక్కిలి కొద్ది. డాక్టరు, పోలీసు, ఉపాధ్యాయుడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి అని కొందఱందురు. మొగపిల్లలలో గొందఱు ఏ సంకోచమును లేక "దుబాయి పోయెదము" అని చెప్పుదురు. "నేను రాకెట్టు కట్టెదను", "ఉపగ్రహము చేసెదను" అని యెవడైన నొక పిల్లవాడు పలికినచో తఱగతి యంతయు నవ్వును. ఆ మాట యింటికి బోయినచో నిల్లంతయు నవ్వును. ఈ నవ్వు హానిలేనిదని పెక్కుమంది తలంతురు. నేనట్లు తలంపను. ఒక బిడ్డ తన శక్తిని తానే తక్కువగా గొలుచుకొనుట యీ నవ్వుతోనే యారంభమగుచున్నది.

2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీ సాయంకాలమున చంద్రయాన్-3 యొక్క ల్యాండరు చంద్రుని దక్షిణ ధ్రువమునకు సమీపమున మెల్లగా దిగినప్పుడు మన యూళ్లలోను టెలివిజనుల యెదుట చప్పట్లు మ్రోగినవి. చంద్రునిపై నౌకను పదిలముగా దింపిన దేశములలో మనది నాల్గవది. ఆ దక్షిణ ధ్రువ ప్రాంతమున దింపినవారిలో మొదటిది. ఆ సంతోషము మంచిదే. కాని చప్పట్లు కొట్టుట వేఱు. ఆ పనిలో మన బిడ్డకును చోటు గలదని నమ్ముట వేఱు. మొదటిది మనకు సులభముగా వచ్చినది. రెండవది యింకను రాలేదు.

నా యభిప్రాయమును ముందుగనే స్పష్టముగా జెప్పెదను. అంతరిక్ష శాస్త్రమును, దానికి మూలములైన గణిత, భౌతిక, యంత్ర శాస్త్రములును మన బిడ్డలకు దూరమైనవి కావు. దూరమని ప్రతి యింటను మనమే నిర్ణయించుచున్నాము. ఆ నిర్ణయము బిడ్డ బుద్ధిని బట్టి జరుగుట లేదు. ఇంటి డబ్బు లెక్కను బట్టియు, పెద్దల భయమును బట్టియు జరుగుచున్నది. పదవ తఱగతి ముగియునప్పటికే యది పూర్తియగుచున్నది.

"మనది నేతపని, బీడీపని, వ్యవసాయము. ఆకాశముతో మనకేమి సంబంధము?" అని యడుగువారు గలరు. వారికి మొట్టమొదట మగ్గమునుండియే ప్రత్యుత్తర మిచ్చెదను. ఫ్రాన్సు దేశపు జకార్డు అనునతడు 1804వ సంవత్సరమున, రంధ్రములు పొడిచిన అట్టలచే నడచు మగ్గమును సిద్ధపఱచెను. ఏ పడుగు పోగు లేవవలెనో, ఏది యడుగున నుండవలెనో ఆ రంధ్రములే నిర్ణయించును. ఈ యట్టలను జూచియే ఇంగ్లండులో బాబేజి యనునతడు లెక్కలు చేయు యంత్రమును అట్లే నడపవచ్చునని తలంచెను. రంధ్రముల అట్టలతోనే 1890లో అమెరికా దేశపు జనాభా లెక్కలను హొలరిత్ అనునతని యంత్రములు లెక్కించినవి. నేటి కంప్యూటరునకు గల పూర్వులలో నేతమగ్గ మొకటి. సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినుచు బెరిగిన పిల్లవానికి కంప్యూటరు పరాయి వస్తువని యెవరు చెప్పగలరు?

ఇంకొక సంగతి వినుడు. 1969వ సంవత్సరము జులై 20వ తేదీని మనుష్యుడు మొదటిసారి చంద్రునిపై దిగినప్పుడు, ఆ నౌకకు దారి చూపిన చిన్న కంప్యూటరులోని శాశ్వత జ్ఞాపకమును స్త్రీలు చేతితో నేసిరి. నేసిరనుట యలంకారము గాదు. మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్తామ్ పట్టణమున రేథియాన్ కంపెనీ కర్మాగారములో స్త్రీలు సూదికి తీగెను గ్రుచ్చి, సన్నని అయస్కాంత వలయముల నడుమ నడపుచుండిరి. తీగె వలయములోపలినుండి పోయినచో ఒకటి. ప్రక్కనుండి పోయినచో సున్న. ఒక్క తీగె దారి తప్పినను లెక్క తప్పును. ఈ పనికి బట్టల మిల్లులలో పనిచేసి చేయి తిరిగిన స్త్రీలను వెదకి తెచ్చుకొనిరి. చంద్రునిపై నడచినవారు తొడిగిన యుడుపులను గూడ, స్త్రీల దుస్తులు కుట్టు నొక కంపెనీలోని కుట్టుపని స్త్రీలే పొరలపై పొరలుగా గుట్టిరి. నేడును ఉపగ్రహములకు ఎండవేడి, చలి తగులకుండ గప్పు బంగారువన్నె దుప్పటిని పలుచని పొరలుగా కత్తిరించి, కూర్చి, కుట్టుచున్నారు. రాకెట్టు దేహమునకు గావలసిన తేలికయు గట్టిదనమును గల వస్తువును కార్బన్ నారను నేసి, చుట్టి తయారుచేయుచున్నారు.

అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసిన నల్ల పరంధాములు, ఆయన కుమారుడు విజయ్ మన సిరిసిల్లవారే గదా! అంతటి సూక్ష్మమైన చేతిపని గల యూరిలో సూక్ష్మ యంత్రములు చేయువారు పుట్టరనుట న్యాయము గాదు. చేయి సిద్ధముగానే యున్నది. చేతికి గణితమును దోడు చేయుటయే మిగిలియున్నది.

"ఆ పనులకు గొప్ప భవనములు, గొప్ప కుటుంబములు కావలెను" అని మఱి కొందఱందురు. మన దేశపు అంతరిక్ష యత్నము ఎట్లారంభమైనదో చూడుడు. తిరువనంతపురము సమీపమున తుంబ యను బెస్తవారి పల్లె గలదు. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ దానికి మిక్కిలి చేరువగా బోవుటచే, రాకెట్టు ప్రయోగములకు ఆ చోటు తగినదని విక్రమ్ సారాభాయి గ్రహించెను. అచ్చట మేరీ మగ్దలీనా దేవాలయమును, బిషప్పుగారి యిల్లును ఉండెను. బిషప్పు పీటర్ బెర్నార్డ్ పెరీరాగారును, ఆ సంఘపు బెస్తవారును శాస్త్రము కొఱకు తమ దేవాలయమును, స్థలమును విడిచియిచ్చిరి. ఆ దేవాలయమే మన శాస్త్రజ్ఞులకు తొలి కార్యశాలయైనది. 1963వ సంవత్సరము నవంబరు 21వ తేదీని అచ్చటినుండి తొలి రాకెట్టు లేచినది. రాకెట్టు భాగములను సైకిలుపై బెట్టి నడిపించుకొని పోయిరి. 1981లో ఆపిల్ అను ఉపగ్రహమును పరీక్షించునప్పుడు, ఇనుము తక్కువగానున్న బండి కావలసివచ్చి, దానిని ఎడ్లబండిపై నెక్కించిరి. సైకిలును, ఎడ్లబండియు మన యూళ్లలో లేనివా?

ఈ సందర్భమున ఒక హెచ్చరికయు జేయవలసియున్నది. తెలుగుబిడ్డలు అంతరిక్షమునకు బోయిరను వార్తలను మనము పత్రికలలో చదివితిమి. గుంటూరు ప్రాంతమున బుట్టిన బండ్ల శిరీష 2021 జులై 11వ తేదీని వర్జిన్ గెలాక్టిక్ నౌకలో నెగిరెను. తండ్రి హైదరాబాదునుండి వలసపోయిన రాజా చారి, 2021 నవంబరులో నలుగురి నౌకకు నాయకుడై యంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు బోయి, సుమారు ఆఱు నెలలు అందు నివసించెను. విజయవాడలో బుట్టిన తోటకూర గోపి 2024 మే 19వ తేదీని బ్లూ ఆరిజిన్ నౌకలో బోయి వచ్చెను. వీరిని జూచి సంతోషింపవలసినదే. కాని వీరు మువ్వురును అమెరికానుండి యెగిరినవారు. ఈ వార్తలను మాత్రమే విన్న బాలుడు, ఆకాశమునకు దారి అమెరికా విమానపు టిక్కెట్టులోనే యున్నదనుకొనును. అది పొరపాటు. పైకి బోవునది ఒకరో యిద్దఱో. వారిని బంపుటకు నేలపై పనిచేయువారు వేలకొలది. ఆ వేలమంది పని మనకు మిక్కిలి సమీపమున జరుగుచున్నది.

హైదరాబాదు బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రము గలదు. ఉపగ్రహములు తీసిన చిత్రములు షాద్‌నగరు కేంద్రమున నందుకొనబడి, వానినుండి పంటల విస్తీర్ణము, చెఱువుల నీరు, వరదల వ్యాప్తి లెక్కింపబడుచున్నవి. 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్ రాకెట్టులకు వలయు ప్రత్యేకపు లోహములను గరగించి యిచ్చుచున్నది. ఎం.టి.ఏ.ఆర్. కర్మాగారము రాకెట్టు ఇంజనుల భాగములను తయారుచేయుచున్నది. అంతరిక్ష సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన పవన్ కుమార్ చందన, భరత్ డాకా యను నిద్దఱు తెలుగు యువకులు 2018లో హైదరాబాదున స్కైరూట్ కంపెనీని స్థాపించిరి. వారి విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18వ తేదీని శ్రీహరికోటనుండి లేచి 89.5 కిలోమీటర్ల యెత్తునకు బోయినది. మన దేశమున ప్రైవేటువారు కట్టి పంపిన తొలి రాకెట్టు అదియే. జగిత్యాల బస్సుస్టాండులో నెక్కినవాడు సాయంకాలములోగా ఈ కర్మాగారముల గుమ్మముల యెదుట దిగవచ్చును. దుబాయి యంతకంటె ఎన్నియో రెట్లు దూరము. అయినను మన పిల్లలకు దుబాయి దారి తెలిసినట్లు బాలానగరు దారి తెలియదు.

గల్ఫు దేశములకు బోవువారిని నేను నిందించుట లేదు. ఎండలో నిలిచి వారు పంపిన డబ్బుతోనే మన పల్లెలలో ఎన్నియో యిండ్లు లేచినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, మన పాఠశాలల ఫీజులు చెల్లినవి. తాము రాళ్లు మోయుచు, తమ బిడ్డలు మోయకూడదని కోరు తండ్రులు వారిలో ఎందఱో గలరు. అట్టి తండ్రి బిడ్డ యొకడు అమెరికాలో నేమి చేసెనో వారికి జెప్పగోరుదును.

మెక్సికో దేశమునుండి కాలిఫోర్నియాకు ఏటేట పంటకోతలకు వలసపోవు కుటుంబమున 1962లో హోసే హెర్నాండెజ్ అను బాలుడు పుట్టెను. వారింటి భాష స్పానిషు. పండ్రెండేండ్లు వచ్చువఱకు అతనికి ఇంగ్లీషు సరిగా రాలేదు. పంట మాఱినప్పుడెల్ల ఊరు మాఱుటచే చదువు నిలుకడగా సాగకుండెను. అప్పుడు అతని ఉపాధ్యాయురాలు వారి యింటికి బోయి, పిల్లల చదువు కొఱకు ఒక్కచోట నిలువుడని తలిదండ్రులను బ్రతిమాలెను. వారామె మాట వినిరి. 1972లో అపోలో-17 యాత్రికులు చంద్రునిపై నడచుటను టెలివిజనులో జూచి, తానును పోవలెనని ఆ బాలుడు కోరుకొనెను. తండ్రి నవ్వలేదు. కూర్చుండబెట్టి, కోరిక యేదో నిర్ణయించుకొమ్మనియు, దానికెంత దూరమున్నావో కొలుచుకొమ్మనియు, దారి గీసికొమ్మనియు, చదువుకొమ్మనియు, కష్టపడుమనియు జెప్పెను. ఇంజనీరైన పిమ్మట హోసే అంతరిక్ష యాత్రికుడగుటకు ధరఖాస్తు పెట్టెను. పదునొకండు మారులు త్రోసివేసిరి. ప్రతి మారును తనకేమి కొఱతయో విచారించి, విమానము నడుప నేర్చెను, సముద్రములో మునుగ నేర్చెను, రష్యను భాష నేర్చెను. పండ్రెండవ మారు, 2004లో, ఎన్నుకొనబడెను. 2009 ఆగస్టులో డిస్కవరీ నౌకలో నాకాశమున కెగిరెను.

ఈ కథలో నేను గొప్పగా నెంచునది ఆకాశయానము గాదు. చదువుకొఱకు ఒకచోట నిలిచిపోయిన ఆ కూలికుటుంబపు నిర్ణయము గొప్పది. ఆ యేటి కూలిలో వారు గొంత పోగొట్టుకొనియే యుందురు. ఆ నిర్ణయము వెనుక ఇంటికి నడచివచ్చిన యొక ఉపాధ్యాయురాలుండెను.

మన యిండ్లలో నిట్టి నిర్ణయ మెప్పుడు వచ్చునో అందఱకును దెలియును. పదవ తఱగతి ఫలితములు వచ్చిన వేసవిలో వచ్చును. ఇంటరుమీడియట్ తప్పిన నెలలో వచ్చును. ఏజెంటు వీసా సంగతి చెప్పును. తల్లి మెడలోని బంగారము కుదువకు బోవును. ఆ బంగారమే చదువునకు కుదువపెట్టుమన్నచో మాత్రము ఇంటిలోని పెద్దలందఱును వెనుకాడుదురు. రామేశ్వరమున పడవలవాని కుమారుడు అబ్దుల్ కలాం రామనాథపురములోని ష్వార్ట్జ్ మిషను పాఠశాలలో చదివి, మద్రాసులోని సాంకేతిక విద్యాలయమున సీటు సంపాదించినప్పుడు ఫీజు కట్టుటకు ఇంటిలో డబ్బు లేకుండెను. ఆయన సోదరి జోహరా తన బంగారు గాజులను, గొలుసును కుదువపెట్టి యిచ్చెను. ఆ బంగారమునకు ఫలమేమైనదో లోకమెఱుగును. వీసాకు బెట్టిన బంగారము రెండేండ్లలో తిరిగి రావచ్చును, ఏజెంటు మోసముచే రాకయు బోవచ్చును. చదువునకు బెట్టిన బంగారము ఆలస్యముగా వచ్చును. కాని వచ్చినచో అది యొక్క తరముతో తీరదు. తలిదండ్రులారా, రెంటిని ఒకే త్రాసులో బెట్టి తూచుడు. అంతమాత్రమే మిమ్ము వేడుచున్నాను.

ఆడపిల్లల విషయమున మన త్రాసు ఇంకను వంకర. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో తల్లి బీడీలు చుట్టుచుండగా ప్రక్కన గూర్చుండి, తునికాకు కత్తిరించుచు పాఠము చదువుకొను బాలికలు గలరు. సిరిసిల్లలో బడి విడిచిన వెంటనే కండెలు చుట్టువారు గలరు. వీరిలో గణితమున మొదటి స్థానము వచ్చినవారినిగూడ, "ఆడపిల్లకు లెక్కలెందులకు? దగ్గఱ కాలేజీలో ఏదో యొకటి చాలును" అని మరలించుచున్నారు. చంద్రయాన్-2కు ప్రాజెక్టు డైరెక్టరుగా ఎం. వనిత యను స్త్రీ యుండెను. చంద్రయాన్-3కు సహ ప్రాజెక్టు డైరెక్టరుగా కె. కల్పన పనిచేసెను. లెక్కలు ఆడపిల్లకు తగవనువారు వీరి పేర్లు ఒకసారి తలంచుకొనవలెను.

శాస్త్రమనగా రాకెట్టు మాత్రమే యని తలంచి, అది కనబడని చోట శాస్త్రమే లేదనుకొనుటయు గలదు. జగిత్యాల ప్రక్కనున్న పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానము గలదు. ఉల్లికోడుకు తట్టుకొను "జగిత్యాల సన్నాలు" అను వరి వంగడము అచ్చటి శాస్త్రజ్ఞుల కృషి. ఆ బియ్యము తినని యిల్లు మనలో నరుదు. అది శాస్త్రఫలమని తలంచు నిల్లు అంతకంటె నరుదు. జగిత్యాల కోట నక్షత్రాకారమున గట్టబడినది. దానిని కొలిచి పటము గీయించినచో రేఖాగణితములో ఒక మాసపు పాఠము. మానేరుపై గట్టిన మధ్య మానేరు జలాశయము ఎండకాలమున నెంత కుదించుకొనునో, వానకాలమున నెంత వ్యాపించునో ఉపగ్రహ చిత్రములలో పోల్చి చూడవచ్చును. ఆ చిత్రములను భువన్ అను ప్రభుత్వ పటములలో ఎవరైనను వెల లేక చూడవచ్చును. ఇట్టి పాఠములు మన యూరిలోనే యున్నవి.

ఇక దారులను చెప్పెదను. తెలియకపోవుటచేతనే పెక్కుమంది పోగొట్టుకొనుచున్నారు. ఎనిమిదవ తఱగతిలో జాతీయ ఉపకారవేతన పరీక్ష గలదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదువు పేదపిల్లలు దీనిలో నెగ్గినచో తొమ్మిది మొదలు పండ్రెండవ తఱగతి వఱకు సంవత్సరమునకు 12,000 రూపాయలు లభించును. తొమ్మిదవ తఱగతిలో అంతరిక్ష సంస్థవారి "యువిక" శిబిరము గలదు. 2019లో ఆరంభమైన యీ శిబిరమున ఎన్నికైన పిల్లలు వేసవిలో అంతరిక్ష కేంద్రములలోనే యుండి శాస్త్రజ్ఞులవద్ద నేర్చుకొందురు. ఎన్నికలో పల్లె పాఠశాలల పిల్లలకు ప్రత్యేక ప్రాధాన్యము గలదు. పదవ తఱగతి మార్కులను బట్టి బాసర విద్యాలయమున ప్రవేశము దొరకును. 2008లో స్థాపింపబడిన యా సంస్థలో ఆఱు సంవత్సరములు చదివి ఇంజనీరు పట్టము పొందవచ్చును. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చును. కొండగట్టు సమీపమునను, సిరిసిల్లయందును జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాలలు గలవు. డిప్లొమాలోగాని ఇంజనీరింగులోగాని చేరిన పేద ఆడపిల్లలకు "ప్రగతి" యను ఉపకారవేతనము సంవత్సరమునకు 50,000 రూపాయలు గలదు. ఇంటరుమీడియట్ పిమ్మట జె.ఇ.ఇ. పరీక్షలో మంచి స్థానము పొందినవారు తిరువనంతపురములో 2007లో స్థాపింపబడిన అంతరిక్ష విద్యాసంస్థలో చేరవచ్చును.

పాలిటెక్నిక్ అనినంతనే ముఖము ముడుచువారికి ఒక మాట. చంద్రయాన్-3కు ప్రాజెక్టు డైరెక్టరైన వీరముత్తువేల్ తమిళదేశపు విళుప్పురములో రైల్వే పనివాని కుమారుడు. ఆయన మొదట చదివినది పాలిటెక్నిక్ డిప్లొమాయే. ఇంజనీరింగు, ఆ పైని చదువులు పిమ్మట వచ్చినవి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, టర్నరు, వెల్డరు పని నేర్చినవారినిగూడ అంతరిక్ష సంస్థ టెక్నీషియనులుగా దీసికొనుచున్నది. వెల్డింగు అతుకు సన్నగా చీలినచో కోట్ల రూపాయల రాకెట్టు సముద్రమున గూలును. కావున ఆ అతుకు వేయు చేతికిని, లెక్క వేయు చేతికిని అచ్చట గౌరవము గలదు.

ఉపాధ్యాయ సోదరులకును సోదరీమణులకును ఒక మనవి. చాల పాఠశాలలలో ప్రయోగశాల బీరువాకు తాళము వేసియుండును; గాజు పగులునని భయము. పగిలిన గాజుకు వెల గలదు. తెఱవని బీరువాచే కలుగు నష్టమునకు వెల కట్టలేము. అయస్కాంతమును చేతబట్టని బాలుడు దాని ధర్మములను కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనును, మఱునాడు మఱచును. మనము బోధనాభ్యసన కళాశాలలలో నేర్చిన మొదటి సూత్రమే చేసి నేర్చుకొనుట. గణితము రాని పిల్లవానికి గణితము రాదని ముద్ర వేయుటకు ముందు, భిన్నములయందా, ఋణసంఖ్యలయందా, ఎక్కడ జాఱిపోయెనో వెదకవలెను. పెక్కుమంది ఏడవ తఱగతిలో జాఱి, పదవ తఱగతిలో పడుదురు. పడినప్పుడు చూచుట కంటె జాఱినప్పుడు పట్టుకొనుట సులభము.

మీరు ఇంగ్లీషు రాదని వెనుదీయుచున్నారని నాకు దెలియును. ఇంగ్లీషు నేర్చుకొనవలసినదే, అందులో సందేహము లేదు. కాని హోసే హెర్నాండెజ్ పండ్రెండవయేట నేర్చెను. భాష ఆలస్యముగా వచ్చినను వచ్చును. ఇది యెందుకిట్లు జరిగెనని యడుగు గుణము చిన్ననాడే చచ్చినచో తిరిగి లేచుట కష్టము. తెలుగులోనైనను అడుగుడు, అడుగుట మానకుడు.

ఓటమిని గూర్చియు నొక మాట చెప్పక తప్పదు. కలాం నాయకత్వమున కట్టిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 1979 ఆగస్టు 10వ తేదీని శ్రీహరికోటనుండి లేచి సముద్రమున గూలెను. పదునొకండు మాసములకు, 1980 జులై 18వ తేదీని, అదే జాతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. చంద్రయాన్-2 ల్యాండరు 2019 సెప్టెంబరులో చంద్రునిపై బడి పగిలెను. నాలుగేండ్లకు దాని తరువాతిది పదిలముగా దిగెను. కూలిన రోజున ఆ శాస్త్రజ్ఞులను ఇంటికి బంపివేసియుండినచో, దిగిన రోజు వచ్చియుండెడిది కాదు. ఒక పరీక్ష తప్పిన బిడ్డను ఆ రాత్రి దూషింపకుడు. పక్కింటి బిడ్డతో పోల్చకుడు. ఆ రాత్రియే వీసా మాట తలపెట్టకుడు. అన్నము పెట్టి, ఎక్కడ తప్పెనో మఱునాడు కలిసి చూడుడు. మన రాష్ట్రమున పరీక్షా ఫలితముల దినములలో పిల్లలు ప్రాణములు దీసికొన్న వార్తలు వినుచున్నాము. ఏ పరీక్షయు ప్రాణముతో తూగదు.

ఈ చదువు చదివిన వారందఱును శ్రీహరికోట చేరుదురని నేను చెప్పను; చేరువారు కొందఱే. కాని ఆ దారిలో నడచి నేర్చిన గణితమును, శాస్త్రమును వ్యర్థము గావు. అవి యొకనిని సాంచాల మరమ్మతులో నేర్పరిని జేయును, ఒకతెను పొలాసలో వరి శాస్త్రజ్ఞురాలిని జేయును, ఒకనిని కరెంటు కేంద్రములో ఇంజనీరును జేయును, ఒకతెను మన తరువాత యీ పాఠశాలలోనే గణితోపాధ్యాయినిని జేయును. దుబాయి పోవలసివచ్చినవాడైనను చేతిలో విద్యతో బోయినచో రాళ్లు మోయక యంత్రము నడుపును. ఈ బేరములో నష్టము లేదు.

విద్యార్థులారా, ఈ సంచిక మీ చేతికి వచ్చిన వారములో మూడు పనులు చేయుడు. గణితములో మీకు రాని యొక అధ్యాయము పేరు కాగితముపై వ్రాసికొని మీ ఉపాధ్యాయునికి జూపుడు. పైన జెప్పిన దారులలో మీ తఱగతికి దగినది ఏదో యడిగి, దాని ధరఖాస్తు తేదీని తెలిసికొనుడు. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి మీ తలిదండ్రులను మేడపైకి గొనిపోయి, కదలుచున్న చుక్కవలె గనబడు ఉపగ్రహము నొకదానిని వారికి జూపి, అది యేల క్రింద బడకున్నదో మీ మాటలలో చెప్పుడు. చెప్పలేకపోయినచో మఱునాడు తఱగతిలో నన్నడుగుడు.

తలిదండ్రులారా, మీ బిడ్డ ఆ రాత్రి మేడపై నిలుచుండి మాటలు తడబడుచు చెప్పుచున్నప్పుడు, దయచేసి నవ్వకుడు.